అంతర్వేది ఆకాశంలో మచ్చ

అంతరిక్ష పరిశోధనశాల డైరెక్టరు గారి సముఖమునకు, అంతర్వేది పల్లిపాలెం వాస్తవ్యుడు, బోటు ఓనరు పోలయ్య రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అమ్మాయి సుప్రియను పీహెచ్‌డీ నుంచి తీసేసిన ఆర్డరు రద్దు చేయుట గురించి.

1. రాత్రిపూట ఆకాశాన్ని ఫొటోలు తీసే తమ కెమెరాను మా డాబా మీద బిగించుకొనుటకు నేను అనుమతించియున్నాను. పిల్ల చదువు కదా అని.

2. దసరానాడు నా భార్య పార్వతి బోటు ఇంజనుకు, కుట్టుమిషనుకు, మిక్సీకి బొట్లు పెట్టి, డాబా ఎక్కి సదరు కెమెరా అద్దానికి కూడా పసుపు రాసి కుంకుమ పెట్టినది. అమ్మాయి అప్పుడు మీ దగ్గరే ఉన్నది. మిషనన్నాక బొట్టు పెట్టరా అండీ? మీ కొత్త జీపు చేత గేటు దగ్గర నిమ్మకాయలు తొక్కించలేదా?

3. ఆ పిమ్మట ఫొటోల్లో నల్లమచ్చ పడినది. తమ పెద్ద సైంటిస్టు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు అది కోనసీమ పైన ఆకాశంలో పుట్టిన కొత్త వింత అని తేల్చేసేరు. "చుక్కలు కదులుతున్నాయి, మచ్చ కదలట్లేదు సార్, ఒక్కసారి ఇంటికెళ్లి అద్దం చూసొస్తాను" అని మా అమ్మాయి బతిమాలింది. "నీకు తెలిసింది నాకు తెలీదా, కూర్చో" అన్నారు. ఢిల్లీలో సైంటిస్టుల సభలో అదే చదివి శాలువా కూడా కప్పించుకున్నారు.

4. తర్వాత కెమెరా రిపేరుకొచ్చిన మీ టెక్నీషియను కుంకుమ చూసి పకపకా నవ్వేడు. ఆ నవ్వు ఢిల్లీ దాకా పోయింది. అందుకని అమ్మాయిని బలిచేస్తారా? ఆర్డరులో "నిర్లక్ష్యం" అని రాసేరు. ఎవరిదండీ నిర్లక్ష్యం? రాసినోళ్లకి సిగ్గనిపించలేదా?

5. పార్వతి ఆ రోజు నుంచి పసుపు భరిణె ముట్టడం లేదు. "నా చేత్తోనే పిల్ల చదువు చెడగొట్టేను" అని ఒకటే ఏడుపు. అమ్మాయి తల్లిని పల్లెత్తు మాట అనదు. గది తలుపేసుకుని కూర్చుంటుంది. నాకు ఒళ్లు మండిపోతోందండీ.

కావున సదరు ఆర్డరు రద్దుచేసి, అమ్మాయిని తిరిగి చేర్చుకుని, తప్పెవరిదో అదే సభలో ఆ పెద్ద సైంటిస్టు గారి నోటితోనే చెప్పించవలెనని నా మనవి చిత్తగించవలెను. అందాకా కెమెరా విప్పుకోడానికొచ్చిన వాళ్లెవరినీ డాబా మెట్లెక్కనివ్వను. ఆయ్, బెదిరింపే.

ఇక్కడ "తమ విధేయుడు" అని రాయాలట. అమ్మాయి చేరేక రాస్తాను.

ఇట్లు,
పోలయ్య

తా.క.: ఈ కాగితానికి నాలుగు మూలలా పసుపు పెట్టింది పార్వతే. ఇన్నాళ్లకి మళ్లీ భరిణె మూత తీసిందండీ, వద్దనలేకపోయేను. తుడవకండి. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారికి మాత్రం పసుపని ముందే చెప్పండి.