వాడర్‌బీ మూడో మలుపులో బ్రేకులు బాగానే ఉన్నాయి

వాడర్‌బీ పందెపు మైదానము ప్రధాన అధికారి గారి సముఖమునకు, ఇరవై రెండవ నంబరు కారు డ్రైవరు లెన్ స్కెల్టన్ వ్రాసుకొను మనవి.

అయ్యా,

విషయం: నా రేసు లైసెన్సును తక్షణమే రద్దు చేయుట, గత నెల ప్రమాద నివేదికను సరిదిద్దుట గురించి.

1. నేను స్కూలు బస్సుల మెకానిక్కును. వయస్సు యాభై ఎనిమిది. పందొమ్మిది సంవత్సరములుగా తమ క్లబ్బునందు రెండు సీట్ల పాత కారుతో, ఇతరులు వాడి వదిలిన టైర్లతో పోటీ చేయుచున్నాను. ఇంతవరకు గెలిచినది లేదు. ఒకసారి మూడవ స్థానము వచ్చినది. ఆ దినమున వర్షము వలన సగము మంది రాలేదు.

2. గత నెల రెండవ ఆదివారము మూడవ మలుపు వద్ద నా కారు తిరుగక, నేరుగా గడ్డిలోనికి పోయి టైర్ల గోడను గుద్దినది. గోడ వెనుక, ప్రమాద హెచ్చరికకు వాడు పసుపు జెండాతో నిలిచినవారు శ్రీమతి మురియెల్ పాష్లీ గారు. ఆమె బడి వంటశాలలో పనిచేసి విరమించినవారు. ఆదివారములు జీతము లేకుండ మా కొరకు వానలో నిలబడుదురు. ఆమె పక్కకు దూకిరి. మణికట్టు విరిగినది. గోడ నుండి ఎగిరిన టైరు ఆమె అంతకుముందు నిలిచిన చోటనే పడినది.

3. నివేదికయందు "బ్రేకులు పనిచేయలేదు" అని కలదు. అది నేను చెప్పిన మాట. అది అబద్ధము.

4. బ్రేకులు బాగుగానే యున్నవి. బ్రేకు తొక్కవలసిన మనిషికి ఆ సమయమున స్పృహ లేదు. రెండవ మలుపు దాటినది జ్ఞాపకమున్నది. ఆ తరువాత అద్దము నిండా గడ్డి, మురియెల్ గారి గొంతు.

"నాయనా, నీకేం కాలేదు కదా? కదలకు, అలాగే కూర్చో."

చేయి విరిగిన మనిషి నన్ను అడిగిన మాట అది. "బ్రేకులు పోయాయమ్మా," అంటిని. నోటికి మొదట వచ్చినది అదే.

5. ఆ బ్రేకు గొట్టములు ముందురోజు బిగించినవాడు నా మిత్రుడు డెస్ కోబ్లీ, నలభై ఒకటవ నంబరు కారు డ్రైవరు. వృత్తి ప్లంబరు. పదకొండేళ్లుగా ఒకే ట్రైలరు పంచుకొని, దారి పొడవునా ఒకరినొకరు తిట్టుకొనుచు వచ్చెదము. ప్రమాదము తరువాత మూడు సాయంత్రములు అతడు నా కారును ముక్క ముక్కగా విప్పెను.

"ఒరేయ్ లెన్, ఎక్కడా కారడం లేదురా. నేనే ఎక్కడో సరిగ్గా బిగించి ఉండను."

"వదిలెయ్‌రా."

"ఎట్లా వదిలేస్తా? ఆవిడ చచ్చిపోయేది."

నిజము చెప్పవలసిన సమయము అదియే. నేను లేచి టీ పెట్టితిని. మరుసటి వారము డెస్ తన కారును అమ్మకమునకు పెట్టెను. ఇకపై ఎవరి కారూ ముట్టుకోనన్నాడు.

6. గత మంగళవారము వర్క్‌షాపులో మరల అట్లే స్పృహ తప్పినది. కళ్లు తెరిచేసరికి చేతిలోని టీ కప్పు పగిలి కాళ్ల దగ్గర ఉన్నది. ఎప్పుడు పడినదో తెలియదు. బాగుచేసిన బస్సును ఊరిలో ఒక చుట్టు తిప్పి చూచుట నా బాధ్యత. ఆ దినము టైరు బాగాలేదని చెప్పి తప్పించుకొంటిని.

అయ్యా, నాకు భయముగా నున్నది. ఇంక ఈ భాషలో చెప్పలేను. భయంగా ఉంది. మెట్లు దిగాలన్నా గోడ పట్టుకుంటున్నాను. నా భార్య జోన్ "కారు దగ్గరికే పోవడం లేదేం?" అంటే వాన అంటున్నాను. వచ్చే ఆదివారం రేసులో నా పేరుంది. రాకపోతే ఎందుకని అడుగుతారు. వస్తే, మూడో మలుపులో మళ్లీ ఎవరో ఒకరు నిలబడి ఉంటారు.

7. కావున నా లైసెన్సు రద్దు చేసి, నేను బతిమాలినా తిరిగి ఇవ్వవద్దనియు, డెస్ కోబ్లీ పనిలో ఏ లోపమూ లేదని నివేదికలో స్పష్టముగా వ్రాయించవలెననియు ప్రార్థన. ఇది భయపడి వ్రాసినదే గాని, తొందరపడి వ్రాసినది కాదని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆలస్యముగానైనా,
లెన్ స్కెల్టన్

తా.క. దీన్ని పోస్టులో వేద్దామనుకున్నాను, కాని ముందు డెస్‌కి చదివి వినిపించాను. ఐదో అంశం దగ్గర ఆపమన్నాడు.

"నెల్రోజులురా," అన్నాడు. "నెల్రోజులుగా నాకు నిద్ర లేదు."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. చెయ్యి చాపి నా బండి తాళాలు అడిగాడు.

"జోన్‌కి చెప్పావా?"

"లేదు."

"ముందు మీ ఇంటికి. తర్వాత డాక్టరు. ఆ తర్వాత మురియెల్ గారు. తోలేది నేను, చెప్పేది నువ్వు."

మూడు చోట్లకీ వెళ్లొచ్చాం. ఈ కాగితం తమ చేతికిస్తున్నది డెసే. నేను బయట అతని వ్యానులో పక్క సీట్లో ఉన్నాను. నాతో ఇంకా సరిగ్గా మాట్లాడడం లేదు. బెల్టు పెట్టుకున్నానో లేదో మాత్రం రెండుసార్లు చూశాడు.