అందరి మాటలూ ఒకే గొంతులో

జీలాంగ్, ఆగస్టు

అక్కకు, తమ్ముడు వితెక్ ప్రేమతో రాస్తున్నది. మేమిక్కడ బాగున్నామని మొదటి వాక్యంలోనే రాయాలి కదా, రాశాను. మోకాళ్లు మినహా నీ మరదలు లుసినా బాగానే ఉంది. వానకి తోటలో క్యాబేజీ కుళ్లిపోతోంది. నీ కళ్లకు వేసే చుక్కల మందు మార్చారన్నావు, వెలుగైనా తెలుస్తోందా?

కింది అంతస్తు ఉర్షులా గారే నువ్వు చెప్పింది రాసి, నీకు ఈ ఉత్తరం చదివి పెడుతున్నారని తెలుసు. ఉర్షులా గారూ, నమస్కారం. మీకో చిన్న మనవి. మన టీవీలో పరాయి దేశం సినిమా వస్తే, వెనకనుంచి ఒక్కడే లెక్టరు హీరో మాటలూ, హీరోయిన్ మాటలూ, హంతకుడి మాటలూ అన్నీ చదివేస్తాడు చూడండి, అలా చదవండి దీన్ని. వాతావరణ వార్తలు చదివినట్టు. ఎక్కడా గొంతు మార్చవద్దు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

అక్కా, నువ్వు పంపించిన పడవవాడి సినిమా అందింది. విదేశాలకి మన సినిమాలు పంపే ఆ ఉద్యోగం మానేసి ఇన్నేళ్లయినా ఆ ఆఫీసువాళ్లకి ఫోన్ చేసి, ఆస్ట్రేలియాకి ఇదే పంపండి, అది పంపకండి అని ఇంకా సతాయిస్తున్నావంటే వాళ్లమీద జాలేస్తోంది. పోయిన ఆదివారం ఇక్కడి మన దేశంవాళ్ల క్లబ్బు హాల్లో వేశాం. జనం వచ్చారా, ఎక్కడ నవ్వారు అని అడిగావు. వచ్చారు. వెనక కుర్చీలు కూడా నిండాయి. పెళ్లాం చేసిన చారు తాగి పడవవాడు మొహం అదోలా పెట్టే చోట నవ్వారు. కానీ వాడు నోరు తెరవకముందే నవ్వారు. ఈసారి కాపీ బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలతో వచ్చింది కదా, నటుడు పలికేలోపే చదివేసుకుని నవ్వేశారు. ఆ తర్వాత పాపం వాడు ఆ మాట నిశ్శబ్దంలో చెప్పుకున్నాడు.

నీకు గుర్తుందో లేదో, ఇదివరకు అలా ఉండేది కాదు. నువ్వక్కడ రేకు డబ్బాల్లో రీళ్లు సర్ది ఓడకెక్కించేదానివి, అవి ఇక్కడికొచ్చాక నేను మైకు ముందు కూర్చునేవాణ్ణి. మన కోడళ్లకీ, మనవలకీ, ఊళ్లోవాళ్లకీ మన భాష రాదు కాబట్టి అందరి మాటలూ ఇంగ్లీషులో నేనే చదివేవాణ్ణి. నటుడు అన్నాక ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాతే. ఏడుపులు వాళ్లు ఏడ్చేశారు, మనం మళ్లీ ఏడవక్కర్లేదు అని నువ్వే నేర్పావు.

అసలు నాకీ పిచ్చి అంటించింది నువ్వే. అమ్మా నాన్నా వంటగదిలో తలుపేసుకుని పోట్లాడుకుంటుంటే, మనిద్దరం నడవలో కూర్చుని తలుపు అద్దంలోంచి వాళ్ల నోళ్లు చూసేవాళ్లం. మాటలు వినపడేవి కావు. నువ్వే ఇద్దరివీ చెప్పేదానివి, లెక్టరు గొంతుతో. "జీతం ఏం చేశావు? గుర్రానికి బూట్లు కొన్నాను. మనకి గుర్రం లేదు. అందుకే చవకగా ఇచ్చారు." నేను నోట్లో చొక్కా కుక్కుకుని నవ్వేవాణ్ణి. లోపల ఏం జరిగినా, నీ కథలో మాత్రం చివరికి ఇద్దరికీ రాజీ కుదిరేది. నాకు నాన్న గొంతుకన్నా నువ్వు చెప్పిన నాన్న గొంతే ఎక్కువ గుర్తు.

డోరీన్ గురించి అడిగావు. మన గనుల్లో పనిచేసిన స్తాఖ్ పెళ్లాడిన ఇక్కడి ఆవిడ. స్తాఖ్ పోయాక కూడా దిండు చంకన పెట్టుకుని ప్రతి సినిమాకీ వస్తుంది. మీ సినిమాల్లో పెళ్లికూతురు, ఫాదర్, దొంగ అందరూ వితెక్ యాసలోనే మాట్లాడతారేం అని ఏడిపించేది నన్ను. మొన్న ఆట అయ్యాక నా పక్కకొచ్చి కూర్చుంది. ఆవిడకి చూపు మందగించింది, ఆ అక్షరాలు అందలేదు. సినిమా అంతా ఊరికే బొమ్మల వంక చూసిందట.

"స్తాఖ్ ఇంట్లో మాట్లాడేవాడు కాదు వితెక్. పలకరిస్తే ఊ అనేవాడు, అంతే. అతని లోపల ఏముండేదో నీ గొంతులో వినడానికి వచ్చేదాన్ని. ఇప్పుడు అదీ లేదు" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఇక నువ్వు మూడు ఉత్తరాలుగా అడుగుతున్నదానికి వస్తాను. ఫోన్ చేస్తే ప్రతిసారీ లుసినాయే ఎందుకు ఎత్తుతోంది, వితెక్ ఎప్పుడూ తోటలోనే ఎందుకుంటాడు, ఇంత చలిలో ఏం పీకుతున్నాడు అన్నావు. పోయిన ఉత్తరంలో, సిగరెట్ల గురించి ఫోన్లో తిట్టినందుకు అలిగాడేమో, అలిగితే అలిగాడు, చచ్చేలోపు ఒక్కసారి మాట్లాడమను అన్నావు. ఆ వాక్యం చదివి లుసినా వంటగదిలోకి వెళ్లిపోయింది.

అలగలేదు అక్కా. నువ్వు తిట్టింది సబబే. గొంతులో కాన్సర్ వచ్చింది. ఏప్రిల్‌లో స్వరపేటిక తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటున్నాను. నాకిక గొంతు లేదు. మెడకి ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు, ఎత్తూ పల్లం లేకుండా పలకడంలో అది మన లెక్టర్లందర్నీ మించిపోయింది, కుక్కని పిలిస్తే కుక్క పారిపోయింది. నీకు కళ్లు కనపడి ఉంటే వీడియోలో నా మొహమైనా చూపించేవాణ్ణి. నీ చెవిలో మాత్రం ఆ యంత్రం మోత పడకూడదు. నీకు మిగిలిన తమ్ముడు అంటే ఫోన్లో ఆ గొంతు ఒక్కటే కదా, అది పోయిందని ఎలా చెప్పను? ఊపిరితిత్తుల్లో కూడా మచ్చ ఉందని పోయిన వారం చెప్పారు. అందుకే ఇక దాచడం నావల్ల కాలేదు. చాలా దిగులుగా ఉంది అక్కా. హాల్లో అందరూ నవ్వుతుంటే, వెనక మైకు బల్ల దగ్గర కూర్చుని ఒక్కో మాటా పెదాలతో చదువుతూనే ఉన్నాను.

ఉర్షులా గారూ, ఇక్కడ కాస్త ఆగండి. మా అక్కకి మంచినీళ్లివ్వండి. మీరూ తాగండి.

ఇప్పుడు చెప్పేది విను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఫోన్ చెయ్యి. ఈసారి లుసినా ఎత్తదు, నేనే ఎత్తుతాను. ముందు ఊపిరి చప్పుడు వినిపిస్తుంది, భయపడకు, అది నేనే. ఫోన్ మీద వేలితో ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు. నువ్వు ఎంత తిట్టాలో అంత తిట్టు. తర్వాత నా తరఫున ఏం చెప్పాలో అదీ నువ్వే చెప్పు. నేనేమంటానో నాకన్నా నీకే బాగా తెలుసు. ఇద్దరి మాటలూ నువ్వే చెప్పు అక్కా, నడవలో చెప్పినట్టు. చివరికి రాజీ కుదిర్చెయ్యి. నేను ఇవతల వింటూ ఉంటాను.

ఇట్లు,
నీ మాట ఏనాడూ వినని, ఇప్పుడు విందామని ఫోన్ పక్కనే కూర్చున్న తమ్ముడు,
వితెక్