తెరమీద ముఖం

అన్నయ్యకు చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. మాత్రలు వేళకు మింగుతున్నాను. నువ్వూ వదినా పిల్లా బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నా జబ్బు గురించి మూడు ప్రశ్నలు, నీ పరువు గురించి మిగతా రెండు పేజీలు. పరువు సంగతి నువ్వే చూసుకో. ప్రశ్నలకు జవాబు చెప్తాను.

"నీలో ఇద్దరు మనుషులున్నారటగా?" అన్నావు. లేరు. ఉన్నది నేనొక్కదాన్నే, ఆ ఒక్కదాన్నే భరించలేక మీరు ఊరు మారారు. స్కిజోఫ్రీనియా అంటే అది కాదు. మనం లోపల అనుకునే మాటను "ఇది నాదే" అని మెదడు గుర్తుపట్టలేకపోతే, అది బయటి గొంతులా వినిపిస్తుందని కొందరు పరిశోధకుల ఊహ. ఇంకా పూర్తిగా తేలలేదంటారు. తెలియదని ఒప్పుకునేవాళ్ళను నేను ఆసుపత్రిలోనే చూశాను. మన బంధువులకైతే అందరికీ అన్నీ తెలుసు.

"అమ్మ గారాబం వల్లే వచ్చిందా?" అన్నావు. గారాబంతో వచ్చేదైతే ముందు నీకు రావాలి. ఎన్నో జన్యువులు తలా కాస్త చెయ్యి వేస్తాయట. వాటికి బతుకులో తగిలే దెబ్బలు తోడవుతాయట. పెంపకం తప్పు కాదని డాక్టరమ్మ చెప్పిన రోజు అమ్మ వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు ఏడ్చింది. ఈ ముక్క వదిన పుట్టింటివాళ్ళకు చదివి వినిపించు, ధైర్యముంటే.

"పరిశోధన పేరుతో నిన్ను ఎలుకలా వాడుకుంటున్నారటగా?" అన్నావు. ఎలుకను ఎవరూ అనుమతి అడగరు. నన్ను అడిగారు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానెయ్యొచ్చన్నారు. మన ఇంట్లో నన్నెవరూ ఏదీ అడిగిన పాపాన పోలేదు.

ఆ పరిశోధనలో చేసేది ఇదీ. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంటే ఒక గొంతు, "వంకర పోయింది, దేనికీ పనికిరావు" అంటుంది. మాత్రలతో తగ్గింది గానీ పోలేదు. ఆ గొంతుకు కంప్యూటరు తెరమీద నేను ముఖం తయారుచెయ్యాలి. పక్కగదిలోంచి డాక్టరమ్మ గొంతు మార్చి ఆ ముఖం చేత మాట్లాడిస్తుంది. నేను ఎదురు చెప్పాలి.

ముక్కు పొడుగు చేశాను. నుదుటి మీద జుట్టు తగ్గించాను. ఎడమ కనుబొమ్మ పైకి లేపాను.

"ఎవరమ్మా ఈయన? తెలిసినాయనా?" అంది డాక్టరమ్మ.

"ఎవరో లెండి" అన్నాను.

అబద్ధం, అన్నయ్యా. అది నువ్వే. పదకొండేళ్ళుగా నాకు వినిపిస్తున్నది నీ గొంతే. ఇన్ని ఉత్తరాల్లో ఈ మాట దాచాను. జబ్బు మొదలైనప్పుడు నేను కిటికీలన్నిటికీ కాగితాలు అంటిస్తే, నువ్వు గుమ్మంలో నిలబడి, "ఛీ, దేనికీ పనికిరావు" అని వెళ్ళిపోయావు. నువ్వన్నది ఆ ఒక్కసారే. మిగతాదంతా నా మెదడు అన్నది. అంచేత జబ్బు నీవల్ల వచ్చిందనుకోకు, అంత ఘనత నీకు లేదు.

నాలుగో వారం తెరమీద నువ్వు, "పనికిరావు" అన్నావు.

"మా వీధిలో సగంమంది నేను అరగదీసిన అద్దాల్లోంచే చూస్తున్నారు. నీకు అరవడం తప్ప ఏం వచ్చు?" అన్నాను.

తెరమీద ముఖం, "నాకింకేం రాదు" అంది.

నవ్వొచ్చింది. ఆ వెంటనే నీమీద జాలేసింది. అది మాత్రం నాకేం నచ్చలేదు. బయటికొచ్చి డాక్టరమ్మతో, "ఆయన మా అన్నయ్యండీ" అన్నాను.

గొంతు ఇంకా వస్తోంది, వారానికి ఒకటి రెండుసార్లు. వచ్చినా పని ఆపను. చిక్కల్లా వేరే. దాన్ని విని విని, నీ అసలు గొంతు ఎలా ఉంటుందో మరచిపోయాను. ఇక ఉత్తరాలు రాయకు. ఫోను చెయ్యి. ఏం మాట్లాడినా సరే, ఒక్కసారి నిన్ను వినాలనుంది.

ఇట్లు,
నీ చెల్లెలు