గట్టిగా కట్టేసిన నల్లా

పద్మక్కకు, తమ్ముడు శ్రీను దండాలు పెట్టి రాసేది.

అక్కా, ఎట్లున్నావు? బావ దగ్గు తగ్గిందా? గజ్వేల్ మార్కెట్‌లో టమాటకు ధర పలుకుతోందా? పెళ్లిపిల్ల మౌనిక వేళకు తింటోందా? ఇక్కడ నేను, రజిత బాగానే ఉన్నాం, రంది పెట్టుకోకు. ఒక సంగతి చెబుదామని ఫోన్ చేసి, టమాట ధర అడిగి పెట్టేస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం.

కెనడా చలి చెబితే తెలిసేది కాదు. గోదాములో పని ముగించుకొని ఇంటికి చేరేసరికి మీసం మీద మంచు పేరుకుంటుంది. ఇల్లంతా వెచ్చగా ఉంచే గ్యాస్ యంత్రం ఒకటి ఉంది కానీ, దాని బిల్లు చూస్తే ఆ చలిలోనూ చెమటలు పడతాయి. మౌనిక పెళ్లికి టికెట్ల డబ్బు మిగలాలని దాన్ని ఆపేసి, చిన్న కరెంటు హీటరు కొని పడకగదిలో పెట్టాను. తిండి అక్కడే, టీవీ అక్కడే, కూరగాయలు తరగడమూ అక్కడే. రజిత స్వెట్టరు మీద దుప్పటి కప్పుకొని, "కోళ్లఫారంల పిల్లలకు బల్బు పెట్టినట్టు పెట్టినవ్ గద" అని నవ్వేది. బిల్లు నిజంగానే తగ్గింది. నేను మీసం మెలేశాను.

చలి ముదిరిన రోజు ఇంటి యజమానురాలు వచ్చి, వంటింటి నల్లా సన్నగా కారనివ్వమని, లేకుంటే పైపులో నీళ్లు గడ్డకడతాయని చెప్పి పోయింది. సరేనన్నాను. కానీ బోరింగు దగ్గర బిందెతో నిలబడి పెరిగినవాళ్లం, నల్లా కారుతుంటే మన ప్రాణం ఊరుకుంటుందా? చుక్క కారినా అవ్వ, "నీళ్లు కాదురా, ఇంట్ల లచ్చిమి పోతున్నది" అని కేకేసేది కదా. పనికి పోతూ గట్టిగా కట్టేశాను. రజిత, "ఆమె చెప్పింది గద" అన్నది. "ఆమెకేం ఎరుక నీళ్ల ఇలువ" అన్నాను.

సాయంత్రం ఇద్దరం పనుల నుంచి వచ్చేసరికి గోడలో గడ్డకట్టిన పైపు పగిలి వంటింటి నిండా నీళ్లు. నేలచెక్కలు ఉబ్బిపోయాయి. ఇంట్లో వేడి ఆపిందీ నేనే, నల్లా కట్టిందీ నేనే. మరమ్మతు ఖర్చు యజమానురాలు నా మీదే వేసింది, న్యాయమే. టికెట్ల డబ్బంతా అందులో పోయింది. రజిత గాజులు తీసి ఇచ్చింది, తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు. అప్పు చేసైనా రమ్మంటావు, పాత అప్పే ఇంకా తీరలేదు.

అక్కా, పెళ్లికి రాలేను. ఈ ముక్క రాయడానికే ఇంత తిప్పాను. మౌనికకు ఉన్నది ఒక్క సొంత మేనమామ. "మామా, నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటెనే మండపంలకు వస్త, లేకుంటె రాను" అని పోయినసారి ఫోన్‌లో అన్నది. దానికి నువ్వే మెల్లగా చెప్పు, నాకు ధైర్యం లేదు. నన్ను తిట్టు, కడుపునిండా తిట్టు. ఎంత బాధగా ఉందో రాయడం చేతకావడం లేదు.

బావకు, ధూళిమిట్ట పెద్దమ్మకు మా దండాలు. పిల్లకు మా ఇద్దరి దీవెనలు, మాకు నీ దీవెన కావాలి.

మేనమామ జాగాలో ఎవరినీ నిలబెట్టకు అని రాద్దామనుకున్నాను. వద్దు. పెద్దమ్మ కొడుకు సత్తయ్యను నిలబెట్టు, పిల్ల ఒంటరిగా నడవకూడదు. నాకని తెచ్చిన కొత్త బట్టలు వాడికే పెట్టు.

నీ తమ్ముడు
శ్రీను