అవింకా తినలేదు

ఏమండీ,

రేపటికి మీరు పోయి ఏడాది, ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక. ఇవాళేమో పెనుగంచిప్రోలులో మన రొయ్యల చెరువుకి జబ్బొచ్చింది.

పొద్దున చెరువులో మేత తిన్నాయో లేదో చూసే చెక్‌ట్రే ఎత్తి, మీలాగే ఒక రొయ్యని ఎండకి ఎదురుగా పట్టుకుని చూశా. మేతతో నల్లగా ఉండాల్సిన పేగు తెల్లగా ఉంది. ల్యాబాయన బ్యాక్టీరియా అన్నాడు. తొందరగా పట్టేశారమ్మా, బతుకుతాయి అన్నాడు.

వాటంటే నాకెంత కుళ్ళో మీకేం తెలుసు? వాటి పేగు చూసి తిన్నాయో లేదో చెప్పేవారు. నేను తిన్నానా అని ఒక్కరోజన్నా అడిగారా? అన్నానికి పిలిస్తే, “ఉండవే, అవింకా తినలేదు” అనేవారు.

ఇవాళ మేత తగ్గించి, అందులో మందు కలిపి చెరువులో చల్లించి, గట్టు మీదే కూర్చున్నా. మధ్యాహ్నం మనమ్మాయి క్యారేజీ తెచ్చి తినమంది.

“ఉండవే, అవింకా తినలేదు” అన్నా.

అది చెరువు వైపు ఒక చూపు చూసింది. ఆ చూపు నాదేనండీ.