ఎల్లారెడ్డి గ్రౌండ్‌లో నా చెయ్యి పట్టుకున్నదెవరు

జూన్ 11

ఆ పాటగాడు చనిపోయాడట. పొద్దున ఫోన్ చూస్తూ చూస్తూ రవీందర్ టీ గ్లాసు కింద పెట్టేశాడు. "లతా, మన పాటాయన పోయిండు." అంతే. షాపు తీయలేదు. పెళ్లయ్యాక ఒంట్లో బాగుండకపోయినా ఎలక్ట్రికల్ షాపు తీయకుండా ఉన్నది లేదు ఈ మనిషి.

ఎల్లారెడ్డి కాలేజీ గ్రౌండ్... ఆ ఒక్క సాయంత్రం. హైదరాబాద్ నుంచి రాక్ బ్యాండ్ రావడం మా వైపు అదే మొదలు. ఊళ్లో అందరూ 'జుట్టోళ్లు' అన్నారు వాళ్లని. నేను ఇంటర్. నాగిరెడ్డిపేట నుంచి స్నేహితురాళ్లతో బస్సులో. సగంలో వాన, కరెంటు పోయింది, గిటార్లు ఆగిపోయాయి. పాటగాడు స్టేజీ దిగి, మైకు లేకుండా, తడుస్తూ మా మధ్యకొచ్చి పాడాడు. గ్రౌండంతా అందుకుంది. నేను పొట్టిదాన్ని — ముందున్న వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. ఎవరో చెయ్యందించి ట్రాక్టర్ ట్రాలీ మీదికి లాగారు. "ఎక్కు, భయపడకు."

ఆ చెయ్యి రవీందర్‌ది. నాలుగేళ్ల తర్వాత పెళ్లిచూపుల్లో తెలిసింది.

జూన్ 12

రోజంతా అదే పాట నోట్లో. కుడి చెయ్యిని ఎడమ వైపు కుట్టేశాను, పక్కింటామె జాకెట్టుకి. విప్పాలి.

జూన్ 15

కామారెడ్డిలో సంతాప సభ. అప్పటి అభిమానులందరూ — బట్టతలలు, పొట్టలు, కళ్లద్దాలు. దండ వేసి ఒక్కొక్కరూ ఆ రోజు గురించి చెప్పారు. ఒకరేమో వడగళ్లు పడ్డాయన్నారు. ఇంకొకరు "వానెక్కడిది, గాలి దుమారం" అని కొట్లాటకొచ్చారు. పాటగాడు గిటార్ విరగ్గొట్టాడని ఒకాయన ఒట్టు పెట్టాడు. నేను చూడలేదే...

రవీందర్ మా ట్రాలీ ముచ్చట చెప్పాడు. చప్పట్లు. ఒకామె నా భుజం మీద చెయ్యి వేసింది. అప్పుడు గంగాధర్ లేచాడు. రవీందర్‌తో కలిసి ఒకే గదిలో ఉండి చదువుకున్నవాడు, మా పెళ్లికి పందిట్లో వడ్డించినవాడు.

"అరే, నువ్వెక్కడున్నవ్‌రా? గా రోజు నువ్వు బిచ్కుందల ఉంటివి. మీ మేనమామ లగ్గం. నేనే వచ్చి ముచ్చట చెప్తే, చూడకపోతినని రెండు రోజులు బువ్వ తినలే నువ్వు!"

అందరూ నవ్వారు. రవీందర్ కూడా నవ్వాడు. నేను ఆయన మొహమే చూస్తున్నా. అబద్ధం దొరికిపోయిన మొహం కాదు. దారి తప్పిన మొహం.

జూన్ 16

అడిగాను. ఆ రోజు నిజంగా ఎక్కడున్నాడని.

"లగ్గానికి పోయినట్టే ఉన్నది లతా. మామ గుర్రం మీద కూసున్నది యాదికొస్తున్నది. కానీ గ్రౌండ్ గూడ కనిపిస్తది. నీ తడిసిన జడ కనిపిస్తది. లేకుంటే ఎట్ల కనిపిస్తది, చెప్పు?"



పెళ్లిచూపుల్లో పాటలంటే ఇష్టమా అని అడిగాడు. ఆ ప్రోగ్రాంకి వెళ్లానన్నాను. "నేను గూడ" అన్నాడు. అంతవరకు ఇద్దరికీ గుర్తుంది. ట్రాలీ మాట ముందు ఎవరం ఎత్తాం? ఆయనే అని నేను. నేనే అని ఆయన. ఆ గొంతు విన్నప్పుడు మాత్రం — అదే గొంతు అనిపించింది. అనిపించిందా, తర్వాత అనుకున్నానా...

జూన్ 18

లైనింగ్ బట్ట తేవాలని చెప్పి ఎల్లారెడ్డి వెళ్లాను. ఆనాడు మైకు సెట్టు పెట్టిన భూమన్న ఇప్పుడు టెంట్ హౌస్ నడుపుతున్నాడు. కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు.

"ట్రాలీనా? దాని మీద జనరేటర్ ఉండె బిడ్డా. నేనే కావలున్న. ఎవ్వలనూ ఎక్కనియ్యలే."

"మరి కరెంటు పోయింది గదా అన్నా?"

"పోయింది. వాన నీళ్లు వడి జనరేటర్ గూడ మొరాయించె. కానీ ఎక్కుడు మాత్రం ఎవ్వలూ ఎక్కలే."

అంటే నేను కూడా ఎక్కలేదా? మోకాలి మీద మచ్చ ఉంది, ట్రాలీ ఇనుప అంచు గీసుకున్నది. లేక చిన్నప్పుడు పొలం గట్టు మీద పడ్డదా? అమ్మ ఉంటే అడిగేదాన్ని. బస్సులో మచ్చని తడుముతూనే కూర్చున్నా. లైనింగ్ కొనడం మర్చిపోయాను.

జూన్ 19

ఆయనకి చెప్పలేదు.

జూన్ 22

అదే గ్రౌండ్. బ్యాండ్‌లో మిగిలినవాళ్లు పాటగాడి జ్ఞాపకార్థం వాయించారు. జుట్టు తెల్లబడింది ఒక్కొక్కరికి. డ్రమ్స్ మోగగానే గుండె అదిరింది — ఇది మాత్రం అప్పటిదే, ఒట్టు.

మమ్మల్ని స్టేజీ మీదికి పిలిచారు, మా కథ చెప్పమని. రవీందర్ మైకు అందుకున్నాడు. "ఏమనుకోకండి. గా దినం నేను లేనట్టున్నది." పరాచికమనుకుని ఈలలు వేశారు. మైకు నా చేతిలో పెట్టేశాడు.

"నా చెయ్యి పట్టుకున్న మనిషి..." రవీందర్ వైపు చూడలేదు. "ఇప్పుడు ఉన్నడో లేడో నాకు తెల్వది."

పాటగాడి గురించి అనుకున్నారు. లేచి నిలబడి చప్పట్లు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మా ఇద్దరికే తెలుసు.

తిరుగు బస్సులో రవీందర్ —

"నన్ను గుర్తువట్టి ఒప్పుకున్న అంటివి గదా, పెళ్లికి."

"అవును, అన్న."

"నేను ఆ మనిషిని కాకపోతే... ఒప్పుకుందువా?"

కిటికీ వైపు తిరిగాను. తప్పు చేశానేమో. 

జూన్ 23

షాపుకి వెళ్తూ ఆగాడు. "ఏమన్న చెప్పేదుందా?"

"పొద్దుమీకి, నువ్వు షాపు కట్టేసి వచ్చినంక చెప్త" అన్నాను. తల ఊపాడు. ఆ తల ఊపడం చూస్తే ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో నా మీద గొంతెత్తని మనిషి. జ్వరమొస్తే తలకి నూనె రాసే మనిషి. అయినా అడిగింది అది కాదు కదా. ఆ రోజు, ఆ గదిలో, చాయ్ పళ్లెం పట్టుకుని నిలబడ్డ పిల్ల గురించి అడిగాడు. ఆ పిల్ల ఏమనేదో...

ఒప్పుకునేదాన్ని — అని రాసి కొట్టేశాను.

ఒప్పుకునేదాన్ని కాదు — అదీ కొట్టేశాను.

బయట బండి చప్పుడు. ఇంకా వెలుతురుంది, అప్పుడే వచ్చేశాడు.