ఆగిపోయే పాఠం

హైదరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కయ్యకు,

నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ ఒంట్లో కులాసాగా ఉన్నారని అనుకుంటూ రాస్తున్నాను. బావగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? మిరప తోటకు ఆకుముడత వచ్చిందన్నావు, మందు కొట్టాక తేరుకుందా? ఇక్కడ నేనూ, మీ మరిదీ బాగానే ఉన్నాం. నా గురించి బెంగ పెట్టుకోకు. వేళకు తింటున్నాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఎప్పుడూ రెండువైపులా నింపేదానివి, ఈసారి నాలుగే నాలుగు వాక్యాలు. “మన ఎదురింటి వెంకాయమ్మ నిన్ను జగ్గయ్యపేట ఆటో స్టాండులో చూసిందట. పెనుగంచిప్రోలు ఆటో పక్కన కాసేపు నిలబడి, ఎక్కకుండా వెనక్కి వెళ్ళిపోయావట. అంత దూరం వచ్చి గడప తొక్కకుండా పోయావంటే నేనేం తప్పు చేశానే?” అని రాశావు. నీ తప్పేమీ లేదక్కా. నిజంగా ఏమీ లేదు. అది జరిగి నెల కావస్తోంది. ముందే రాయాల్సింది నేనే. ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను. ఇప్పుడు కూడా పూర్తిగా తెలిసి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, నువ్వే చూడు.

ముందు నా ఉద్యోగం సంగతి. “కంప్యూటర్లో పాఠం చెప్పడమేమిటే?” అని నువ్వు ఫోనులో అడిగితే సరిగా చెప్పలేకపోయాను. మీ మరిదికి ఇక్కడికి బదిలీ అయ్యాక నేను ఖాళీగా ఉన్నాను కదా. స్కూళ్ళకు పాఠాల సీడీలు తయారుచేసే కంపెనీ వాళ్ళు సైన్సు టీచర్లు కావాలని పేపర్లో వేస్తే వెళ్ళాను. నందిగామలో ఎనిమిదేళ్ళు చెప్పానంటే వెంటనే తీసుకున్నారు. పాఠాన్ని ముక్కలు ముక్కలుగా నేను రాసిస్తాను. బొమ్మలు వేసేవాళ్ళు వాటిని కదిలేలా చేస్తారు. తరవాత నా గొంతు రికార్డు చేసి ఆ బొమ్మలకు కలుపుతారు. స్కూల్లో కంప్యూటర్లో సీడీ పెడితే దానికి కలిపిన టీవీ మీద గుండె కొట్టుకుంటుంది, ఊపిరితిత్తులు ఉబ్బుతాయి. చూస్తే నువ్వు కూడా ముక్కున వేలేసుకుంటావు. అంత బాగుంటుంది.

రికార్డు చేసే గది మాత్రం నాకు అలవాటు కాలేదు. గోడలకు స్పాంజి అంటించి ఉంటుంది. చప్పుడు రాకూడదని ఫ్యాను ఆపేస్తారు. చెమటలు కారుతుంటే ఒక్కదాన్నే మైకుకు పాఠం చెప్పాలి. నా నోటికి “అర్థమైందా?” అనడం అలవాటు కదా, అన్నాక కాసేపు ఆగుతాను. ఎవరైనా చెయ్యెత్తుతారేమోనని కళ్ళు వెతుకుతాయి. ఎదురుగా స్పాంజి గోడ. మొదటి రోజే రికార్డింగ్ చూసే ఆవిడ, “మీరు ఆగిన చోటల్లా కట్ చేసేశానండి. ఇప్పుడు గుక్కతిప్పుకోకుండా చెప్పినట్టు వచ్చింది, వినండి” అంది. విన్నాను. గొంతు నాదే. నేను అలా ఎప్పుడూ చెప్పలేదక్కా.

గుండె పాఠం పూర్తయ్యాక మా మేనేజరు గారు, “జగ్గయ్యపేటలో ఒక స్కూలు వాళ్ళు చూస్తామన్నారు. అది మీవైపే కదా, మీరూ రండి. అటునుంచి అటు మీవాళ్ళ ఇంట్లో రెండు రోజులు ఉండి రావచ్చు” అన్నారు. ఎంత సంబరపడ్డానో తెలుసా? నీకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామని అరకిలో కోవా కూడా కొన్నాను.

స్కూల్లో ఒక గదిలో టీవీ పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టారు. ఎనిమిదో తరగతి పిల్లలు కింద కూర్చున్నారు. వాళ్ళ సైన్సు టీచరు సరళ గోడకు ఆనుకుని నిలబడింది. పాతికేళ్ళుంటాయేమో, చేతికి ఇంకా సుద్దపొడి ఉంది. సీడీ మొదలైంది. గుండె కొట్టుకోగానే పిల్లలంతా ఒక్కసారి “ఓ” అన్నారు. నా ఒళ్ళు పులకరించింది. నందిగామలో నేను మేక గుండె తెప్పించి కోసి చూపించేదాన్ని. సగంమంది ముక్కు మూసుకుని వెనక్కి జరిగేవాళ్ళు. ఇక్కడ ఒక్కరూ రెప్ప వెయ్యలేదు.

చెడు రక్తానికి నీలం రంగు వేశాం, పుస్తకాల్లో వేసినట్టే. అది వచ్చేసరికి ముందు వరసలో ఒక అమ్మాయి లేచి, “మేడమ్, నీలం రక్తం ఎవరికుంటదండీ? మాకు దెబ్బ తగిలితే ఎర్రగానే వస్తది కదా” అంది.

మంచి ప్రశ్న. సరళ చెప్పబోయి ఒక అడుగు ముందుకేసింది. స్కూలు నడిపే కరస్పాండెంటు గారు చెయ్యి ఊపి, “ఆగమ్మా సరళా, పాఠం నడుస్తుంది కదా” అన్నారు. సరళ ఆగింది. ఆ పిల్ల కూర్చుంది. టీవీలో నేను మాత్రం ఆగలేదు. కవాటాల గురించి గడగడా చెప్పుకుంటూ పోయాను. అక్కడే కుర్చీలో కూర్చున్న నేనూ నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

అయిపోయాక కరస్పాండెంటు గారు తెగ మెచ్చుకున్నారు. “అయితే ఇంక సైన్సుకు వేరే టీచర్ని పెట్టుకోనక్కర్లేదన్నమాట” అన్నారు. మా మేనేజరు గారు నవ్వి, “అదేనండి దీంట్లో ఉన్న సుఖం” అన్నారు. సరళ అక్కడే ఉంది.

వరండాలో నా వెనకే వచ్చింది. “ఆ గొంతు మీదేనాండీ?” అని అడిగింది. నాదేనన్నాను. “బాగా చెప్పారండీ. నాకంటే చాలా బాగా చెప్పారు” అని కాసేపు చేతికున్న సుద్ద దులుపుకుని, “నన్ను తీసేస్తారంటారా?” అంది.

“ఏం కాదులేమ్మా” అన్నాను. ఏమీ తెలియకుండా అనేశాను.

అక్కడి నుంచి మీ ఊరి ఆటో దగ్గరికే వచ్చాను. డ్రైవరు “ఎక్కండమ్మా, బయలుదేరుతున్నా” అన్నాడు కూడా. కానీ ఎక్కితే గంటలో నీ ముందు ఉంటాను. నువ్వు మంచినీళ్ళిచ్చి, “ఏం చేసొచ్చావే?” అంటావు. పిల్లలకు మంచి పాఠం చెప్పానని చెప్పాలో, ఒక టీచరు ఉద్యోగానికి ఎసరు పెట్టి వచ్చానని చెప్పాలో తెలియలేదు. రెండూ నిజమే అనిపించింది. వెనక్కి తిరిగి హైదరాబాద్ బస్సెక్కాను. కోదాడ దాటేదాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీటు ఆవిడ ఎవరైనా పోయారా అని అడిగింది.

సోమవారం మేనేజరు గారి దగ్గరికి వెళ్ళి, “నేను ఆగిన చోట్లు మళ్ళీ పెట్టించండి” అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. గుండె పాఠంలో మూడు చోట్ల బొమ్మ నిలిచిపోవాలి, టీచరు మళ్ళీ మీట నొక్కేదాకా కదలకూడదు అని వివరించాను. “టీచరు పని తగ్గుతుందనే కదండీ స్కూళ్ళు కొంటున్నాయి” అన్నారు. “ఆ అమ్మాయి ప్రశ్న అడిగింది. అంతమందిమి ఉండి ఒక్కరమూ జవాబు చెప్పలేదండీ” అన్నాను. ఆయన చెడ్డవాడు కాదక్కా, ఆయనకూ చదువుకునే పిల్లలున్నారు. “ఈ ఒక్క పాఠానికి చేసి చూద్దాం” అన్నారు. స్కూలు వాళ్ళు కొన్న మిగతా పాఠాలతో పాటు ఈ కొత్త సీడీని జగ్గయ్యపేటకు పంపారు. ఆగిన చోట తెర మీద “మీ టీచరును అడగండి” అని వస్తుంది. అంతే.

పదిహేను రోజులాగి ఆ స్కూలుకు ఫోన్ చేశాను. సరళను పిలిపించారు.

“ఉన్నానండి, తీసెయ్యలేదు” అంది ముందుగానే. “కంప్యూటర్ పక్కన కుర్చీ వేశారు. మిగతా పాఠాలకి ఊరికే కూర్చుంటున్నా. గుండె పాఠానికి మాత్రం బొమ్మ ఆగుతుంది కదండీ, అప్పుడు లేచి నిలబడతా. మొన్నైతే మొదటి చోట ఆగిందో లేదో, గంట కొట్టేదాకా పిల్లలు మళ్ళీ నడపనివ్వలేదు. ఒకటే ప్రశ్నలు. నీలం రక్తం సంగతి కూడా చెప్పేశానండి.”

ఫోను పట్టుకుని నవ్వాను. ఆ రోజంతా హాయిగా ఉంది.

ఈ శుక్రవారం ఆ కరస్పాండెంటు గారి దగ్గర్నుంచి ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. సీడీ పాడైపోయిందట. నడుస్తూ నడుస్తూ మధ్యలో మూడు చోట్ల ఆగిపోతోందట. సిలబస్సు వెనకబడుతోంది, ఆగకుండా నడిచేది పంపండి అని రాశారు. మేనేజరు గారు దాన్ని నా బల్ల మీద పెట్టి, “మీరే జవాబు రాయండి, సోమవారం మాట్లాడుకుందాం” అని వెళ్ళిపోయారు. ఆయన కోపంగా ఉన్నారో, నన్నే తేల్చుకోమన్నారో మొహం చూసి చెప్పలేకపోయాను. మీ మరిదిని అడిగితే, “పాత సీడీ పంపేస్తే పోలా? నీకెందుకు తలనొప్పి?” అంటారు. సిలబస్సు పూర్తి కాకపోతే పిల్లలకే నష్టం, అదీ నిజమే. నందిగామలో నేనూ మార్చి వచ్చేసరికి పరుగులు పెట్టినదాన్నే. నిన్నటి నుంచి నాలుగుసార్లు రాసి చింపేశాను.

నా మీద కోపం ఉంచుకోకక్కా. కోవా బస్సులోనే పాడైపోయింది, మళ్ళీ తెస్తాను. ఇక్కడి కారానికి రంగే తప్ప ఘాటు లేదు, మన కాయలు ఆడించినప్పుడు నాక్కాస్త తీసి ఉంచు. అత్తయ్యగారికి, బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. నువ్వు చల్లగా చూస్తే నాకంతే చాలు.

ఈ ఉత్తరం మడిచాక జగ్గయ్యపేటకు జవాబు రాశాను, అది చెబుదామని మళ్ళీ విప్పాను. ఈసారి చింపలేదు. “అయ్యా, సీడీ పాడవలేదు. అది అక్కడ అలాగే ఆగుతుంది” అని రాసి కింద నా సంతకం పెట్టాను. చెప్పులేసుకుని రెండు ఉత్తరాలూ ఇప్పుడే పోస్టు డబ్బాలో వేసి వస్తాను.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత